ఒకే పళ్ళెము – నలుగురు మనుష్యులు



చదువు కొరకు, ఉద్యోగము కొరకు హైదరాబాదు వెళ్ళిన మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక కొత్త మాట తెస్తున్నారు. అది “మండి”. నోరు మండే కారపు కూరేమో అని కొందరు తల్లులు అనుకున్నారు. ధాన్యపు మండీ అనుకున్న తండ్రులూ ఉన్నారు. గల్ఫు దేశాలలో పని చేసి వచ్చిన సహోదరులు మాత్రము నవ్వి ఊరుకున్నారు. వారికది కొత్త కాదు. ఇప్పుడు మన మండల కేంద్రాలలో కూడ ఆ బోర్డులు వెలిశాయి. అది ఎక్కడిది, ఎట్లు వండుతారు, మన పిల్లలు తినదగినదేనా అని అనేక కుటుంబాలు అడుగుచున్నందున, మేము నలుగురము బయలుదేరి టోలిచౌకిలో మూడు హోటళ్ళలో తిని చూశాము. మాలో ఒకరు డెబ్బది ఏండ్లు దాటిన సంఘ పెద్ద, ఇద్దరు యవ్వనస్థులు.

టోలిచౌకి ఎక్కడున్నది?

మెహదీపట్నము దాటి పడమరగా వెళితే టోలిచౌకి వస్తుంది. ఒక వైపు గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. మరొక వైపు షేక్‌పేట, దాని మీదుగా ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. సినిమా తారల బంగళాలకు, స్టూడియోలకు కూతవేటు దూరములోనే ఈ ఇరుకు బజారు ఉన్నది. 2022 జనవరి 1న షేక్‌పేట పైవంతెన తెరచిన తరువాత దూరపు బండ్లు పైన పోవుచున్నవి. హోటళ్ళ సందడి మాత్రము క్రిందనే. చీకటి పడిన తరువాతనే అక్కడ అసలు పగలు మొదలవుతుంది. పారామౌంట్ కాలనీ వైపు వెళితే యెమెను, సూడాను, సోమాలియా దేశాల విద్యార్థులు కనబడతారు. ఇంటికి దూరమైన ఆ పిల్లలకు తమ ఊరి వంట దొరికే చోటు ఇదే.

ఇది ఎవరి వంట?

మండి పుట్టిల్లు అరేబియాకు దక్షిణాన, యెమెను దేశములోని హద్రమౌత్ ప్రాంతము. ఆదికాండము పదవ అధ్యాయములో యొక్తాను కుమారుల వరుసలో “హసర్మావెతు” అనే పేరు మీరు చదివే ఉంటారు. ఆ పేరే ఈ హద్రమౌత్ అని పండితులు చెబుతారు. సాంబ్రాణి ఒంటెల మీద బయలుదేరిన దేశము కూడ అదే.

అక్కడి అరబ్బులు నిజాముల కాలములో సిపాయిలుగా హైదరాబాదు వచ్చారు. వారి సైనికుల బారకాసులున్న చోటు చాంద్రాయణగుట్ట దగ్గర “బార్కస్” అని నేటికీ పిలువబడుచున్నది. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము ఇండియాలో కలిసిన తరువాత కొందరు తిరిగి వెళ్ళారు, మిగిలినవారు ఇక్కడి వారైపోయారు. వారి ఇండ్లలోని వంటయే మొదట బార్కస్ హోటళ్ళకు, అక్కడ నుండి టోలిచౌకికి, ఇప్పుడు మన పల్లెల వరకు వచ్చినది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీము కూడ అరబ్బుల “హరీసు” నుండి పెరిగినదే.

ఎట్లు వండుతారు?

అసలు పద్ధతిలో నేలలో గొయ్యి త్రవ్వి, లోపల మట్టితో మెత్తి, కట్టెలు కాల్చి నిప్పులు చేస్తారు. అడుగున బియ్యపు పాత్ర, దానిపైన మాంసము ఉంచి, మూత పెట్టి, ఆవిరి పోకుండ మూసివేస్తారు. నిదానముగా ఉడికే మాంసము నుండి కారిన రసము, కొవ్వు బొట్టుబొట్టుగా అన్నములో పడుతుంది. అరబ్బీ భాషలో మండి అనే మాటకు మంచు, తడి అనే మాటతో చుట్టరికము. నగరములోని చాలా హోటళ్ళలో గొయ్యి ఉండదు. పొయ్యి మీదనే మాంసము విడిగా వండి, అదే నీటిలో అన్నము ఉడికించి, చివరికి ఒక నిప్పుకణిక మీద నూనె చుక్క వేసి పొగ పట్టిస్తారు.

బిర్యానీకి దీనికి తేడా ఏమిటి? మన బిర్యానీలో పెరుగు, కారము, అల్లము వెల్లుల్లి దండిగా పడతాయి. మండిలో మసాలా తక్కువ, కారము దాదాపు లేదు. అన్నము రుచి, మాంసము రుచి విడివిడిగా తెలుస్తాయి. మీద వేయించిన జీడిపప్పు, కిస్మిస్ చల్లుతారు. ప్రక్కన టమాటా పచ్చడి, మయోన్నైజ్ అనే తెల్లని మీగడ వంటి పదార్థము ఇస్తారు.

మేము తిన్న మూడు చోట్లు

మొదటి చోట మటన్ మండి తీసుకున్నాము. మాంసము వ్రేలితో తాకితే ఎముక నుండి ఊడి వచ్చినది. పెద్దయ్యకు పండ్లు తక్కువ. ఆయన సంతోషించారు గాని “ఉప్పు కారము మరచిపోయారేమో అయ్యగారూ” అన్నారు. టమాటా పచ్చడి కలుపుకొన్న తరువాత మాట్లాడలేదు.

రెండవ చోట కోడి “ఫహమ్” తిన్నాము. ఇది బొగ్గుల మీద కాల్చినది. పైన తోలు కరకరలాడినది గాని లోపల రొమ్ము ముక్క ఎండిపోయినది. అన్నము మాత్రము మూడింటిలో ఇక్కడిదే మేలైనది. ఏ మెతుకుకా మెతుకు విడిగా ఉన్నది.

మూడవ చోట భోజనము చేసే ఓపిక లేక షవర్మా తీసుకున్నాము. నిలువుగా నిలిపిన కమ్మీకి మాంసపు పొరలు గుచ్చి, మంట ఎదుట త్రిప్పుతూ, కాలిన అంచులు చెక్కి, రొట్టెలో చుట్టి ఇస్తారు.

ఈ షవర్మాకు సముద్రము అవతల ఒక తమ్ముడున్నాడు. ఇప్పుడు జూబ్లీహిల్స్ హోటళ్ళలో “టాకో” అనే మెక్సికో దేశపు తిండి కూడ అమ్ముచున్నారు. మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడచి తినేది. నూరేండ్ల క్రితము లెబానోను ప్రాంతము నుండి అనేకులు, వారిలో క్రైస్తవులు చాలామంది, మెక్సికోకు వలస వెళ్ళారు. వారు తమ తిరుగుడు కమ్మీని అక్కడికి తీసికొని వెళ్ళారు. మెక్సికో ప్రజలు గొర్రె మాంసమునకు బదులు పంది మాంసము పెట్టి, మిరపకాయ ముద్ద పూసి, అనాసపండు ముక్కతో మొక్కజొన్న రొట్టెలో వడ్డించారు. దాని పేరు “టాకో అల్ పాస్టోర్”. అనగా గొర్రెల కాపరి వంటకము! ఇది వినగానే మా యవ్వనస్థులు మా వైపు చూచి చాలాసేపు నవ్వారు. ఆ మెక్సికో ప్రాంతము నుండి బయలుదేరినదే మన మిరపకాయ కూడ. పోర్చుగీసు ఓడలు తేకపోతే గుంటూరు మిర్చి లేదు. ఎవరి కంచములోనిది పూర్తిగా వారిదే అని చెప్పుకొనుటకు లేదు.

తల్లిదండ్రులకు జాగ్రత్తలు

మండి వేడివేడిగా వచ్చును గనుక దానితో భయము తక్కువ. జాగ్రత్త పడవలసినది షవర్మా, మయోన్నైజ్ విషయములో. 2022 మే నెలలో కేరళలోని కాసరగోడు జిల్లాలో షవర్మా తిన్న ఒక విద్యార్థిని మరణించినది, అనేకులు జబ్బుపడ్డారు. పచ్చిగుడ్డుతో చేసిన మయోన్నైజ్ ఎండలో కొన్ని గంటలుంటే అందులో విషక్రిములు పెరుగుతాయి. అందుకే తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు చివరిలో పచ్చిగుడ్డు మయోన్నైజ్‌ను ఒక సంవత్సరము పాటు నిషేధించినది. మీ పిల్లలకు మూడు మాటలు చెప్పండి. కమ్మీ మీది మాంసము లోపలి వరకు కాలినదో లేదో చూడమనండి. మయోన్నైజ్ గుడ్డుతో చేసినదా అని అడగమనండి. జవాబు సరిగా రాకపోతే వద్దనమనండి. గోడ మీద పదునాలుగు అంకెల ఆహార లైసెన్సు ఉన్నదో లేదో చూడమనండి. జీతము వచ్చిన వారములోనే సగము ఇటువంటి చోట్ల ఖర్చు చేయవద్దని కూడ చెప్పండి. నలుగురు కలిసి పంచుకొంటే భారము కాదు, ఒంటరిగా రోజూ తింటే భారము.

మరికొందరు అడిగే ప్రశ్న ఒకటున్నది: “అది హలాలు మాంసము గదా, మనము తినవచ్చునా?” అంగడిలో అమ్మే మాంసమును గూర్చి పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలోని ఎనిమిది, పది అధ్యాయములు కుటుంబ ప్రార్థనలో కలిసి చదవండి. తినువాడు తినని వానిని తృణీకరింపకూడదు, తినని వాడు తినువానికి తీర్పు తీర్చకూడదు.

ఆ పళ్ళెము సంగతి

మేము ముఖ్యముగా చెప్పదలచినది వంట గూర్చి కాదు. మండి హోటళ్ళలో కుర్చీలుండని గదులుంటాయి. చెప్పులు విడిచి, పరుపుల మీద బాసిపట్టు వేసుకొని కూర్చుండాలి. నలుగురికి ఒకే పెద్ద పళ్ళెము వస్తుంది. ఎవరి ఎదుటి భాగము వారు చేతితో తినాలి.

మొదటి హోటలులో పళ్ళెము వచ్చినప్పుడు పెద్దయ్య చేయి చాపలేదు. “విడి పళ్ళెము ఒకటి తెమ్మనండి” అని మెల్లగా అన్నారు. ఆయన ఎదుట కూర్చున్న అబ్బాయి మా ఊరిలో వేరొక పేటవాడు. ఆ అబ్బాయి తల వంచుకొని తన ఫోను చూచుకొన్నాడు. వడ్డించే కుర్రవాడు ఏమీ అడుగక చిన్న పళ్ళెము తెచ్చి పెట్టాడు. ఎవరమూ మాట్లాడలేదు. రుచి ఎంత బాగున్నా ఆ భోజనము మాకు బరువుగానే సాగినది.

రెండవ హోటలులో మా ప్రక్క పళ్ళెము చుట్టు నలుగురు కూర్చున్నారు. మాటలను బట్టి ఒకరు మెదకు వైపు వారు, ఒకరు గోదావరి వారు, ఇద్దరు పరదేశ విద్యార్థులు. వారు నవ్వుతూ మంచి ముక్కలు ఒకరి వైపు ఒకరు త్రోసుకొనుచున్నారు. పెద్దయ్య వారిని చాలాసేపు చూశారు. మా పళ్ళెము వచ్చినప్పుడు విడి పళ్ళెము అడుగలేదు. మొదట అంచు నుండి కొంచెము తీసికొన్నారు. తరువాత ఒక మంచి ముక్క తుంచి అబ్బాయి వైపు పెట్టి, “తినరా అబ్బాయ్, ఊరికే చూస్తావేమి” అన్నారు. అబ్బాయి తిన్నాడు.

దీని గూర్చి మేము ఆయనతో ఏమీ మాట్లాడలేదు. బస్సులో ఆయనే అన్నారు: “యాభై ఏండ్లుగా ప్రభువు బల్లలో వాడి తాతతో కలిసి పాలు పొందాను అయ్యగారూ. వాళ్ళింట మంచినీళ్ళు త్రాగలేదు.”

ప్రియులారా, మన పల్లెలలో కొన్నిచోట్ల టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఇంకను పోలేదు. దానిని గూర్చి బయటివారిని నిందించుట సులభము. అయితే మన సంఘ విందులలో పేటకొక వరుస కూర్చుండుట ఎవరి ఏర్పాటు? అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచు, కొందరు రాగానే వెనుకతీసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించిన సంగతి గలతీ పత్రిక రెండవ అధ్యాయములో ఉన్నది. ఆనాడు తగవు వచ్చినది కూడ భోజనపు బల్ల దగ్గరే.

దగ్గు, జ్వరము ఉన్నవారు విడిగా తినుట మంచిదే. అందులో తప్పు లేదు. ఆరోగ్యము కారణమైతే ఆ మాట పైకి చెప్పగలము. పైకి చెప్పలేని కారణమైతే దానిని పరీక్షించుకొనవలెను.

ఈ సంవత్సరము కోతపండుగ విందునకు పది పెద్ద పళ్ళెములు కొనాలని మా సంఘ పెద్దల కూటములో పెద్దయ్యే ప్రతిపాదించారు. వంట మన పులావే. ఒక్కొక్క పళ్ళెము చుట్టు నలుగురు, పేర్లు చీటీలు వేసి కూర్చుండబెట్టుట. ఇద్దరు ముగ్గురు ఇంకను ఒప్పుకొనలేదు, వారితో మాట్లాడుచున్నాము. మీ సంఘములో విందు ఎట్లు జరుగుచున్నదో, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండుచున్నారో ఈసారి గమనించి మాకు వ్రాయండి.