ఆవు లేని జున్ను

పుంగనూరులో పుట్టినవాళ్లకు పాల విషయంలో కాస్త గర్వం ఎక్కువ. మూడడుగుల ఎత్తుండే మా ఊరి ఆవు ఇచ్చేది కొంచెమే అయినా, ఆ పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని చెప్పుకుంటాం. మామూలు ఆవుపాలలో నాలుగుంటే గొప్ప. అటువంటి ఊళ్లో డెబ్బై ఏళ్లు గడ్డపెరుగు తిన్న మా అమ్మకు పోయిన ఏడు పాలు పడకుండా పోయాయి. పాలలోని చక్కెర అరగడం లేదన్నారు డాక్టరుగారు. గుడ్డు ముట్టదు. పళ్లు లేవు. మనిషి నెలనెలకూ చిక్కిపోతూంటే చూస్తూ ఊరుకోలేక, మదనపల్లెలో మా వంటింట సోయా జున్ను చేయబూనుకున్నాను. టోఫు అంటారే, అదే.

ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. హాన్ రాజుల కాలంలో లియు ఆన్ అనే సామంతుడు కనిపెట్టాడని చైనావాళ్ల ఐతిహ్యం. గింజలతో చేసే ఈ చైనా జున్నును గురించి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1770లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. గాంధీగారు 1935లో వార్ధా మగన్‌వాడిలో సోయా గింజలు వండించి అందరిచేతా తినిపించారు. తిన్నవారి ముఖాలు ఎలా ఉండి ఉంటాయో నేను ఊహించగలను. మొదటిసారి నేను చేసినది మా ఇంట్లో ఎవరూ రెండో ముద్ద ముట్టలేదు మరి!

తప్పు నాదే. పావుకిలో గింజలు రాత్రి నానబోసి, పొద్దున పొట్టు తీసి, నీళ్లుపోసి మెత్తగా రుబ్బి, మల్లుగుడ్డలో పిండితే లీటరున్నర పాలు వచ్చాయి. పొయ్యిమీద పెట్టగానే నురుగు బుసబుసా పొంగింది. ఆవుపాల అలవాటున దించేశాను. ఆ పొంగు ఉత్త మోసం! నురుగు లేచినా లోపల పాలు ఉడికి ఉండవు. పచ్చివాసన పోదు సరిగదా, పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనీయని గుణం ఒకటి ఉంది, అదీ పోదు. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ పది పదిహేను నిమిషాలు మరగనివ్వాలి.

తరవాత దించి, రెండు నిమ్మకాయల రసం అరగ్లాసు నీళ్లలో కలిపి, మూడు విడతలుగా పోసి మెల్లగా తిప్పాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే విరుగుడు తేరుకుంటుంది. గుడ్డలో వడగట్టి, మూటమీద సన్నికల్లు పొత్రం పెడితే అరగంటలో గడ్డకడుతుంది.

చేయడం వచ్చింది గాని వండడం రాలేదు. పనీరనుకుని ఏవేవో మసాలాలు వేశాను. చప్పిడి. కుప్పంలో ఉన్న మా అత్తగారికి ఫోనులో మొరపెట్టుకుంటే, ‘‘అది పాలది కాదు గదమ్మా, గింజది. పితికిపప్పు వండినట్టు వండు’’ అన్నారు.

కుప్పం మూడు రాష్ట్రాల పొలిమేర. మన అనపగింజ కన్నడంలో అవరె, తమిళంలో మొచ్చై. నానబెట్టి, పితికి, పొట్టు తీసి పులుసు పెట్టడం మాత్రం మూడు భాషలవాళ్లకూ తెలుసు. అయితే అనపకాయ చలికాలపు పంట. సంక్రాంతి దాటితే ఆ పులుసు కోసం మొహం వాచవలసిందే.

రెండు ఎర్రగడ్డలు, ఆరు తెల్లగడ్డ రేకలు, అల్లం ముక్క, రెండు చెంచాల ధనియాలు, రెండు లవంగాలు, కాస్త చెక్క నూనెలో వేయించి, గుప్పెడు టెంకాయ తురుముతో నూరాను. నాలుగు టమోటాలు మగ్గనిచ్చాను. మదనపల్లెలో టమోటాకు కొదవా! అందులో ముద్ద, కారం, పసుపు, ఉప్పు వేసి, నూనె తేలాక నీళ్లుపోసి, తెర్లేటప్పుడు జున్ను ముక్కలు వదిలాను. పది నిమిషాలు చాలు.

ఆదివారం పుంగనూరు తీసుకుపోయి రాగిసంగటిలో పెట్టాను. ముక్కను వేలితో నొక్కి చూసింది అమ్మ. ‘‘ఏందిమే ఇది, పనీరా? నాకు పడదని తెలుసు గదా!’’

‘‘పాలు కాదమ్మా, గింజలే. పితికి చేసినా.’’

మాట్లాడకుండా తిన్నది. ఇంకొంచెం పులుసు పోయించుకుంది. నేను బస్సుకు బయల్దేరుతూంటే గడపదాకా వచ్చి, ‘‘మళ్లీ వచ్చేటప్పుడు గింజలు నానేసుకోని రా, నేను పితుకుతా’’ అంది.