నడుస్తున్న ప్రోగ్రాముల చిట్టా

కంప్యూటర్‌లో ఈ క్షణాన ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయి? ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌కు తెలుసు. కానీ 1970ల నాటి యూనిక్స్‌లో ఆ చిట్టా చూపే 'పీఎస్' ఆదేశం కెర్నెల్‌ను అడిగేదే కాదు. నేరుగా దాని మెమరీలోకి చొరబడి ప్రాసెస్‌ల, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల, పట్టికను చదువుకునేది. ఆ పట్టిక నిర్మాణం మారితే పీఎస్‌ను మళ్లీ కంపైల్ చేయాల్సిందే, లేదంటే తెర మీద చెత్త కనిపించేది. పైగా మెమరీని చదివే హక్కు ఇవ్వడమంటే అందులోని రహస్యాలన్నీ చూడనివ్వడమే.

బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ దీనికి చక్కని దారి చూపాడు. 1984లో ప్రచురించిన పత్రంలో అతను చెప్పింది ఇదీ: ప్రతి ప్రాసెస్‌నూ ఒక ఫైలుగా చూపిద్దాం. అలా పుట్టింది 'ప్రాక్' డైరెక్టరీ. డిస్కు మీద ఎక్కడా లేని ఫైళ్లు, చదవబోతే కెర్నెల్ అప్పటికప్పుడు అల్లి ఇస్తుంది. తర్వాత రోజర్ ఫాక్నర్, రాన్ గోమ్స్ దాన్ని యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలకు తెచ్చారు. 1992లో లినక్స్‌కూ వచ్చింది.

లినక్స్‌లో ఇప్పుడు పని ఎంత తేలికంటే, ప్రాక్ డైరెక్టరీ తెరిచి, అంకెలే పేర్లుగా ఉన్న ఫోల్డర్లను ఏరుకుంటే చాలు. ఒక్కో అంకె ఒక్కో ప్రాసెస్. లోపలి 'స్టాట్' ఫైలులో వివరాలన్నీ ఒకే వరుసలో, మధ్యలో ఖాళీలతో విడివిడిగా ఉంటాయి, ప్రోగ్రాము పేరు మాత్రం బ్రాకెట్లలో ఉంటుంది. ఆ పేరులోనే ఖాళీ గానీ బ్రాకెట్ గానీ ఉంటే? ఖాళీల దగ్గర విడగొట్టిన కోడ్ అక్కడే బోల్తా పడుతుంది. చిట్టచివరి మూసే బ్రాకెట్‌ను వెతికి, అక్కడి నుంచి లెక్కపెట్టాలి. ఇంకో చిక్కు: అంకె చూసి ఫోల్డర్ తెరిచేలోగా ఆ ప్రాసెస్ ముగిసిపోవచ్చు. ఫైలు లేదన్న జవాబు వస్తే లోపమనుకోకుండా తర్వాతి అంకెకు వెళ్లాలి. విండోస్ ఈ గోల తగ్గించడానికి టూల్‌హెల్ప్ ఫంక్షన్లతో చిట్టా మొత్తాన్నీ ఒకేసారి ఫోటో తీసినట్టు ఇస్తుంది. అదీ తీసిన క్షణం నుంచీ పాతబడుతూనే ఉంటుంది.

ఏ భాషలోనైనా ఫైలు చదవగలిగితే చాలు, చిట్టా రాయొచ్చు. కిలియన్ ఆలోచన గొప్పదనం ఇదే, దాని ప్రమాదమూ ఇదే. ఆదేశం వెంట పాస్‌వర్డు టైపు చేస్తే, అదే యంత్రం వాడే ఇతరులకు ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లోని 'సీఎమ్‌డీలైన్' ఫైలులో అది కనిపించేది. 2012లో వచ్చిన 'హైడ్‌పిడ్' అమరికతో లినక్స్ ఈ కిటికీ మూసే వీలిచ్చింది. లినక్స్ కెర్నెల్ మీదే నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లో ఏ బ్యాంకు యాప్, ఏ ఆరోగ్య యాప్ నడుస్తోందో పక్క యాప్‌కు తెలియకూడదు కదా! 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి మామూలు యాప్ ప్రాక్ తెరిస్తే దానికి తన ప్రాసెస్‌లే కనిపిస్తాయి.