జూబేర్ సిండ్రోమ్: చిన్నమెదడుతో ఆగని జబ్బు

పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ ఊపిరి లయ తప్పుతుంది. కాసేపు ఎగశ్వాస, ఆ వెంటనే కొన్ని క్షణాలు శ్వాసే ఉండదు. ఒళ్లు మెత్తగా జారిపోతుంటుంది, చూపు ఒకచోట నిలవదు. నెలలు గడిచినా మెడ నిలవదు; బోర్లా పడడం, కూర్చోవడం, నడక అన్నీ ఆలస్యమే. 1969లో మాంట్రియల్‌లో నాడీవైద్యురాలు మరీ జూబేర్, ఆమె సహచరులు ఒకే ఫ్రెంచ్-కెనడియన్ కుటుంబంలోని నలుగురు తోబుట్టువుల్లో ఈ లక్షణాలను గుర్తించారు. దాదాపు లక్ష జననాల్లో ఒకరికి ఈ వ్యాధి వస్తుందని అంచనా.

ఈ పిల్లల చిన్నమెదడులో రెండు పక్కలనూ కలిపే నడిమి భాగం, వర్మిస్, సరిగా ఏర్పడదు. మనిషి తూలకుండా నిలబడేందుకు అది ఎంతో అవసరం. చిన్నమెదడు నుంచి పైకి వెళ్లే నాడీతంతువుల కట్టలు ఒకదానినొకటి దాటి అవతలి వైపుకు చేరాలి. ఇక్కడ అవి దాటవు, మందంగా సాగి ఉంటాయి. అందువల్లనే ఎం.ఆర్.ఐ.లో ఆ చోటు దవడపన్ను ఆకారంలో కనిపిస్తుంది. వైద్యులు వెతికే ముఖ్యమైన గుర్తు అదే.

అసలు మూలం ఇంకా సూక్ష్మమైనది. మన కణాల్లో చాలావాటి మీద యాంటెనాలా ఒక్కొక్క శైలిక పొడుచుకుని ఉంటుంది. ఎటు పెరగాలో, ఏమి కావాలో చెప్పే సంకేతాలను కణం దాని ద్వారా అందుకుంటుంది. ఒకప్పుడు దీనిని పనికిరాని అవశేషంగా భావించిన శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. ఇప్పటిదాకా జూబేర్ సిండ్రోమ్‌తో ముడిపడిన 35కు పైగా జన్యువులు దాదాపు అన్నీ ఈ శైలికకు చెందినవే. జూబేర్ చూసిన కుటుంబంలోని జన్యులోపం 2012లో గానీ బయటపడలేదు.

శైలికలు కంటి రెటీనాలోనూ, మూత్రపిండాల్లోనూ, కాలేయ నాళాల్లోనూ ఉన్నాయి. కనుక కొందరు పిల్లలకు చూపు మందగిస్తుంది, మరికొందరికి కొన్నేళ్లకు మూత్రపిండాలు చెడతాయి. మూలాన్ని సరిచేసే మందు లేదు కదా, జబ్బు పేరు తెలిసి ఏం లాభమని నిట్టూర్చే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలి. పేరు తెలిస్తేనే ఏటేటా రక్తం, మూత్రం, కళ్లు, కాలేయం పరీక్ష చేయించి నష్టాన్ని ముందే పసిగట్టగలం. శ్వాస ఇబ్బంది సాధారణంగా వయసుతో తగ్గుతుంది. ఫిజియోథెరపీతో చాలామంది ఆలస్యంగానైనా నడుస్తారు. మాట రాని బిడ్డకు అర్థం కాదనుకోకూడదు; పలికేదానికన్నా గ్రహించేది తరచుగా ఎక్కువే.

ఇది ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యుప్రతులు కలిసినప్పుడే వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికాలు తరతరాలుగా ఉన్న మన తెలుగునాట అలాంటి కలయికకు అవకాశం పెరుగుతుంది. అంతమాత్రాన తల్లిని నిందించడం అన్యాయం. ఇద్దరిలోనూ లోపమున్న జన్యుప్రతి ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. కాబట్టి మరో బిడ్డను కోరుకునేవారు ముందే జన్యు నిపుణులను కలవాలి. లోపమేదో తేలితే గర్భంలోనే పరీక్షించే వీలుంది.