ఇంటి పొగాకుపొడి: తెలిసికొనవలసిన సంగతులు

రాజపాళయములో తెలుగు మాట కొత్తది కాదు. శతాబ్దముల క్రిందట వచ్చి స్థిరపడిన రాజుల కుటుంబములు ఈ ఊరిని తమదిగా చేసికొన్నవి. తరువాతి కాలమున నూలుమిల్లుల పనికై మరికొందరు వచ్చిరి. దూది ఉన్నచోట నిప్పురవ్వకు తావు లేదు, బీడీ ముట్టింపరాదు. అందుచేత కొందరు పొగలేని పొగాకును ఆశ్రయింతురు: ముక్కునకు నశ్యము, పెదవి క్రింద సున్నముతో నలిపిన ఆకు, పండ్లకు రుద్దుకొను పొడి.

ఆకు కొని, ఎండబెట్టి, వేచి, దంచి, సున్నము కలిపి డబ్బీలో నింపుకొనుట కొన్ని ఇండ్లలో పాత అలవాటు. స్వీడన్ దేశీయులు పై పెదవి క్రింద ఉంచుకొను 'స్నూస్' అను తడిపొడియు ఈ జాతిదే. "అంగడి గుట్కా కాదు, మన చేతితో చేసినది; కీడేమి?" అని అడుగువారు కలరు.

సున్నము చేయు పని

సున్నము క్షారము. అది తగిలినపుడు పొగాకులోని నికోటిన్ విడివడి, నోటి లోపలి పొరను త్వరగా దాటి రక్తములో చేరును. ఇంట సున్నమును చిటికెలతో కొలుతురు కనుక ఒకనాటి పొడి ఘాటు మరొకనాటి పొడికి ఉండదు. తల తిరుగుట, వాంతి, చెమట, గుండెదడ మోతాదు మించినదనుటకు గుర్తులు. సున్నపు ఘాటునకు నోటిపొరయు పుండుపడును.

తేమ చేయు పని

తడిపొడి నిలువయున్నకొలది సూక్ష్మజీవుల వలన నైట్రోసమీన్లు అను కేన్సరుకారక పదార్థములు పెరుగవచ్చును. స్వీడన్ కర్మాగారములలో పొడిని వేడిచేసి ఈ పెరుగుదలను తగ్గింతురు. అయినను అవి పూర్తిగా పోవు. ఇంటి డబ్బీకి ఆ మాత్రపు కాపుదలయు లేదు. పొగలేని పొగాకు నోటి కేన్సరునకు, క్లోమపు కేన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2007లో వెలువరించిన గ్రంథమున నిర్ధారించినది.

ఇంటివారికి

పసిబిడ్డ నోట చిటికెడు పొడి పడినను విషమగును. వెంటనే 108కి ఫోను చేయవలెను. గర్భిణులు పొగాకు ఏ రూపమునను వాడరాదు. ఆకు దంచు పనియు వారికి అప్పగింపరాదు.

చట్టము

2003 నాటి కేంద్ర చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు 100 గజముల లోపల ఎవరికిని అమ్మరాదు. ఇంట చేసిన పొడియైనను హెచ్చరిక లేని పొట్లములలో అమ్ముట నేరమే.

మానదలచినవారికి

నెలకొకసారి పగటి వెలుతురులో అద్దము ముందు నోరు తెరచి చూచుకొనవలెను. తెల్లని లేక ఎర్రని మచ్చ, రెండు వారములైనను మానని పుండు, నోరు పూర్తిగా తెరువలేకపోవుట కనబడినచో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళవలెను. నొప్పి లేదని ఆగరాదు. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును.

మానిన తొలి దినములలో చిరాకు, నిద్రలేమి కలుగును. కొన్ని వారములలో తగ్గును. సలహాకు 1800-11-2356 అను జాతీయ సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. డబ్బీ ఉండు జేబులో సోంపు పొట్లము ఉంచుకొనుట చిన్న ఉపాయమే గాని, చేయి అలవాటుగా అటు పోయినపుడు అక్కరకు వచ్చును.