పరిశోధనకు కొలబద్ద ఏది?

ఒక పదప్రయోగం సాధువా కాదా అన్న వివాదం వచ్చినప్పుడు తెలుగు లాక్షణికులు నన్నయ తిక్కనాదుల ప్రయోగాలను లక్ష్యాలుగా చూపుతారు. ఉర్దూ కవులు ఉస్తాదుల షేర్‌ను సనదుగా చూపుతారు. విజ్ఞానశాస్త్రంలోనూ ఇదే సంప్రదాయం గలదు. పూర్వ పరిశోధకుని పేరును, అతని వ్యాసాన్ని ఆధారంగా చూపడాన్ని ఉల్లేఖనం లేక సైటేషన్ అంటారు. ఒక వ్యాసం ఎన్నిసార్లు ఉల్లేఖింపబడినదో లెక్కించి, దానిని బట్టి పరిశోధకుని స్థాయిని నిర్ణయించడం నేడు సర్వసాధారణమైనది. ఆ లెక్క ఎంతవరకు నమ్మదగినదో ఒక నాడీవైద్యుని కృషి ద్వారా పరిశీలింప దలచినాము.

ముందుగా లెక్క సంగతి. ఉల్లేఖనాల సూచిక ఒకటి ఉండాలని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించారు. 1964లో ఆయన సంస్థ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను వెలువరించినది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 'హెచ్ సూచిక'ను ప్రతిపాదించారు. ఒక పరిశోధకుని అయిదు వ్యాసాలు వరుసగా 40, 12, 5, 4, 1 సార్లు ఉల్లేఖింపబడినవి అనుకొందాం. కనీసం నాలుగేసి సార్లు ఉల్లేఖింపబడినవి నాలుగు వ్యాసాలు. కనుక అతని సూచిక 4. ఒకే ఒక గొప్ప వ్యాసం వ్రాసి, అది వేయిసార్లు ఉల్లేఖింపబడినా, ఆ రచయిత సూచిక మాత్రం 1 దాటదు.

ఇక నాడీవైద్యుని సంగతి. 1906లో జర్మనీ దేశపు వైద్యుడు ఆల్జీమర్ ఒక స్త్రీ మతిమరపు వ్యాధిని, ఆమె మెదడులో కనిపించిన మార్పులను వైద్యసభలో వివరించారు. ఆ తర్వాత అనేక దశాబ్దాలు ఆయన పేరిట గల వ్యాధిని నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే భావించినారు. వృద్ధులలో మతి తప్పితే అది వయోధర్మమని సరిపెట్టుకొన్నారు. మనమూ 'చాదస్తం' అని, 'సఠియా గయే' అని నవ్వి ఊరుకొంటాము గదా!

1976లో అమెరికా నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ 'ఆర్కైవ్స్ ఆఫ్ న్యూరాలజీ' పత్రికలో రెండు పుటల సంపాదకీయం వ్రాశారు. అందులో ఆయన క్రొత్త ప్రయోగమేదీ వివరింపలేదు. వృద్ధుల మెదడులపై ఇంగ్లండులోని న్యూకాసిల్ నగర పరిశోధకులు 1968లో ప్రకటించిన ఫలితాల వంటి పూర్వుల కృషిని ఆధారంగా గ్రహించి, నడివయసు వ్యాధి, వృద్ధాప్యపు మతిభ్రంశం రెండూ ఒకే వ్యాధి అని వాదించారు. అట్లయితే అది అమెరికాలో మరణకారణాలలో నాల్గవదో అయిదవదో కాగలదని హెచ్చరించారు. 'వయోధర్మం' అన్నది ఆనాటి నుండి పరిశోధింపవలసిన వ్యాధిగా గుర్తింపు పొందసాగినది. 1980లో ఏర్పడిన అమెరికా ఆల్జీమర్ సంఘ స్థాపకులలో ఆయన ఒకరు. 2008లో ఆయన మరణించారు. ఆ సంపాదకీయం నేటికీ విస్తారంగా ఉల్లేఖింపబడుచున్నది. అయినను హెచ్ సూచికలో అది మిగిలిన వ్యాసాలవలెనే ఒక్కటి మాత్రమే.

నాణేనికి రెండవ వైపు కూడ చూడవలెను. ఇదే వ్యాధిని గురించి 2006లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం వెలువడినది. జ్ఞాపకశక్తిని దెబ్బతీసే ఒక ప్రత్యేక ప్రోటీను రూపాన్ని గుర్తించినట్లు అది ప్రకటించినది. రెండువేలకు పైగా ఉల్లేఖనాలు లభించినవి. కాని అందలి చిత్రాలను మార్చినట్లు తేలడంతో 2024లో దానిని ఉపసంహరించారు. పద్దెనిమిది సంవత్సరాలు ఆ అంకె పెరుగుతూనే వచ్చినది. అంతమంది ఉదహరించడం వలన చిత్రాలలోని దోషం తొలగిపోలేదు.

ఉల్లేఖనాల సంఖ్య ఒక వ్యాసం ఎందరి దృష్టిలో పడినదో తెలుపుతుంది. అది సత్యమా, దానివలన రోగికి మేలు కలిగినదా అన్నది ఆ సంఖ్య తెలుపదు. ఇది మాకు దూరపు చర్చ కాదు. 2010లో యు.జి.సి. అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ప్రచురణలను లెక్కించి మార్కులు వేసే పద్ధతిని ప్రవేశపెట్టినది. లెక్క అక్కరలేదని మేము అనము. సిఫారసు కన్న లెక్క మేలు. అయితే లెక్క చూచినవారు వ్యాసాన్ని కూడ చదవాలని కళాశాల పెద్దలకు మా మనవి.

విద్యార్థులారా! మీరు వ్రాసే ప్రాజెక్టులో చదవని గ్రంథం పేరును ఆధారంగా చూపకండి. చదివినదానికి ఋణం ఒప్పుకొనడానికి సిగ్గుపడకండి. ఇంటిలో తాతగారో, నానీమాయో చెప్పినదే చెప్పుచున్నా, తెలిసిన దారి తప్పుచున్నా, చాదస్తమని తీసివేయక వైద్యునికి చూపించండి. ఆ రెండు పుటల వ్యాసం చెప్పినది అదే.