పవర్ టిల్లర్ వెనుక ఏం తగిలించాలి?

పవర్ టిల్లర్ అనగానే చాలామందికి రోటావేటర్ బిగించిన యంత్రమే గుర్తొస్తుంది. నిజానికి అది రెండు చక్రాల మీద కూర్చున్న ఇంజను మాత్రమే. నేలను చీల్చేదీ, బెడ్డలు చితగ్గొట్టేదీ, బోదెలు తోలేదీ దాని వెనుక తగిలించే పనిముట్టు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. మొత్తం కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. గట్ల మధ్య ఇరుకు మళ్లలో, పెద్ద ట్రాక్టరు మలుపు తీసుకోలేని చోట, ఈ యంత్రం చక్కగా ఒదుగుతుంది. అయితే కొన్నప్పుడు దానితో వచ్చిన పనిముట్టునే ప్రతి నేలకూ ప్రతి పంటకూ వాడుతూ పోతే నేల తీరు క్రమంగా చెడుతుంది. నేల స్వభావాన్నీ వేయబోయే పంటనూ చూసి పనిముట్టును ఎంచుకోవాలి.

పనిముట్లలో లాగేవి వేరు, తిరిగేవి వేరు. గొర్రు, నాగలి, గుంటక లాగేవి. వాటిని లాగాలంటే చక్రాలకు నేల మీద పట్టు దొరకాలి. ఆ పట్టు యంత్రం బరువును బట్టి ఉంటుంది. 12-15 హార్స్‌పవర్ డీజిల్ టిల్లర్ సుమారు నాలుగైదు క్వింటాళ్లు తూగుతుంది. మామూలు ట్రాక్టరు దానికి నాలుగు రెట్లు బరువు. అందుకే ఇంజనులో సత్తువ ఉన్నా, ఎండిన గట్టి నేలలో నాగలి దించితే టిల్లర్ చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. రోటావేటర్ సంగతి వేరు. దాని కత్తులు యంత్రం వెళ్లే దిశలోనే తిరుగుతూ మట్టిని వెనక్కి తన్నుతాయి. ఆ తోపుతో యంత్రం ముందుకు కదులుతుంది. తేలికపాటి యంత్రానికి రోటావేటర్ అంతగా నప్పడానికి కారణం ఇదే.

నడకనూ లెక్కలోకి తీసుకోవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు రోటావేటర్‌తో ఎకరం ఒక్కసారి దున్నడానికి, మలుపులు కాక, దాదాపు 6.7 కిలోమీటర్లు నడవాలి. 20 సెంటీమీటర్ల సాలు తీసే ఒంటి రెక్క నాగలితో అయితే అదే ఎకరానికి 20 కిలోమీటర్లు. కూరగాయల మడికో, బీడుపడిన పది సెంట్ల ముక్కకో టిల్లర్ నాగలి పనికొస్తుంది. రెండెకరాల చేనుకు వేసవి లోతు దుక్కి కావాలంటే మాత్రం ట్రాక్టరును గంటల లెక్కన అద్దెకు పిలవడమే మేలు.

తిరిగే కత్తులతో నేల దున్నే ప్రయత్నాన్ని ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్ 1912లో మొదలుపెట్టాడు. మొదట్లో మట్టి పక్కలకు చిమ్మేది. కత్తిని ‘ఎల్’ అక్షరంలా వంచాక ఆ ఇబ్బంది తగ్గింది. నేటికీ కలుపు, కొయ్యకాళ్లు ఎక్కువున్న నేలకు ‘ఎల్’ కత్తులు, బరువైన తడి నేలకు ‘సి’ వంపు కత్తులు నప్పుతాయి. పూతకొచ్చిన జీలుగనో జనుమునో కలియదున్నడానికి టిల్లర్ పనిముట్లలో రోటావేటర్‌ను మించింది లేదు. పైరు మరీ ఏపుగా పెరిగితే మాత్రం ముందు పడగొట్టాలి, లేకపోతే రోటర్‌కు చుట్టుకుంటుంది.

దీని అతివాడకం ఎక్కువగా దెబ్బతీసేది ఎర్ర చల్కలను. రెండు మూడుసార్లు తిప్పితే మట్టి పిండి అవుతుంది. చూపుకు దుక్కి అందంగానే ఉంటుంది. ఒక జడివాన కురిసి ఎండ కాసేసరికి ఆ పిండి పెచ్చు కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. తర్వాతి వాన నీరు ఇంకకుండా వాలు పట్టి పారిపోతుంది. దుక్కి కొంత గరుకుగా ఉండటమే మంచిది. గేరు పెంచి రోటర్ వేగం తగ్గిస్తే మట్టి కాస్త పెద్ద ముక్కలుగా పడుతుంది. తుంగ, గరిక పట్టిన చేలో మరో ముప్పు ఉంది. కత్తులు వేళ్లనూ దుంపల గొలుసులనూ ముక్కలు చేసి చేనంతా చల్లుతాయి, ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. అలాంటి చోట వేసవిలో గొర్రు తోలి, గరికను పైకి లాగి ఎండకు వదలాలి.

వర్షాధార చేలకు మొదటి పనిముట్టుగా గొర్రునే చెప్పాలి. అది మట్టిని తిరగవేయకుండా చీలుస్తుంది, వాన నీటికి దారి ఇస్తుంది. ఆ తర్వాత అవసరమైతే ఒక్కసారి రోటావేటర్ తిప్పితే చాలు. ఏది తోలినా పదును చూసే తోలాలి. దున్నే లోతులో పిడికెడు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే అది పగిలి రాలాలి. ముద్దగా పడితే తడి ఎక్కువ, ఉండే కట్టకపోతే పదును దాటిపోయినట్టు. నల్లరేగడిలో ఈ అదను కొద్ది రోజులే నిలుస్తుంది కాబట్టి పనిముట్టు ముందే సిద్ధంగా ఉండాలి.

వరి మడికి రబ్బరు టైర్లు తీసి దమ్ము చక్రాలు వేస్తారు. అవి బురదలో దిగబడకుండా పట్టు ఇస్తాయి. దమ్ముతో కింద ఏర్పడే గట్టి పొర వరికి మేలే, నీరు ఇంకిపోకుండా ఆపుతుంది. వరి తర్వాత మొక్కజొన్నో వేరుశనగో వేస్తే మాత్రం అదే పొర వేరుకు అడ్డం. దాన్ని పగలగొట్టే ఉలి నాగలిని లాగే శక్తి టిల్లర్‌కు లేదు, ట్రాక్టరు కావాల్సిందే. మిరప, పసుపు, టమాటా వేసేవారికి బోదెలు తోలే పరికరం పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది. అయితే ముందు నేల గుల్లగా ఉండాలి.

ఐదారు హార్స్‌పవర్ పవర్ వీడర్‌ను టిల్లర్‌కు చవక బదులుగా కొనేవారున్నారు. అది సాళ్ల మధ్య కలుపు తీయడానికి చేసిన యంత్రం. చాలా రకాల్లో చక్రాల చోట రోటరే ఉంటుంది. గట్టి నేలలో అది లోతుకు దిగదు, ఎగిరెగిరి పడి పట్టుకున్నవారి చేతులను కుదిపేస్తుంది.

ఒక కంపెనీ రోటర్ మరో కంపెనీ టిల్లర్‌కు సాధారణంగా అమరదు. కొనేముందు బిగించి చూడాలి, కత్తులు దగ్గరి ఊళ్లో దొరుకుతాయో లేదో కనుక్కోవాలి. అరిగిన కత్తులను ఒకటీ అరా కాకుండా మొత్తంగా మార్చాలి, లేదంటే రోటర్ అదిరి బేరింగులు దెబ్బతింటాయి. రివర్స్ గేరు వేస్తే రోటర్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉన్న యంత్రాన్నే తీసుకోవాలి. ఎందుకంటే వెనక్కి వచ్చే కత్తులకు ఎదురుగా ఉండేది తోలే మనిషి కాళ్లే.