చీకటిని ఎంతవరకు చెరపాలి?

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది కానీ సెల్యులార్ జైలు ఎండ మారలేదు. గదిలో నిలబడి ఊచల తలుపు వైపు కెమెరా ఎక్కుపెడితే చిక్కు మొదలవుతుంది. లోపలికి వెలుతురు వచ్చేది ఆ తలుపు నుంచి, మూడు మీటర్ల ఎత్తున వెనక గోడకున్న చిన్న కిటికీ నుంచి. గోడ కనిపించేలా ఎక్స్‌పోజర్ ఇస్తే బయటి ముంగిలి తెల్లగా పాలిపోతుంది. ముంగిలిని పట్టుకుంటే గది బొగ్గుమసి. కంటికి ఈ బాధ లేదు, చూపు తిరిగేకొద్దీ సర్దుకుంటుంది.

అందుకే ఫొటోగ్రాఫర్లు ట్రైపాడ్ మీద కెమెరా నిలిపి, ఎపర్చర్ కదపకుండా షట్టర్ వేగం మాత్రం మారుస్తూ ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తారు. సాఫ్ట్‌వేర్ వాటిని పేర్చి, ఏ భాగం ఏ ఫొటోలో బాగా పడితే అక్కడి నుంచి ఎక్కువ పాళ్లు తీసుకుంటుంది. అయితే మధ్యలో పర్యాటకుడెవరైనా నడిచాడో, ఫొటోలో దయ్యమై తేలతాడు.

ఉపాయం కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850లలోనే సముద్రానికొకటి, ఆకాశానికొకటి చొప్పున రెండు నెగెటివ్‌లు కలిపి ప్రింట్లు వేశారు. 1997లో పాల్ డెబెవెక్, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన జితేంద్ర మాలిక్ దీనికి పక్కా గణిత పద్ధతి చూపారు. 2005లో ఫొటోషాప్ సీఎస్2లోకి, 2010లో ఐఫోన్‌లోకి ఈ సదుపాయం వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లు అడక్కుండానే కలిపేస్తున్నాయి.

తంటా అంతా ఆ అడక్కపోవడంలోనే. 1906లో పూర్తయిన ఈ జైలులో 693 ఒంటరి గదులు. ఒక విభాగం ముఖం పక్క విభాగం వీపును చూస్తుంది. ఖైదీకి ఖైదీ కనబడకూడదన్నదే ఎత్తుగడ. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారూ ఇక్కడ గడిపారు. వారికి వెలుగు కూడా కొలిచి పోసినట్టే. అలాంటి గదిలో మూలమూలా వెలిగించిన ఫొటో, సున్నం వేసిన లాడ్జి గదిని తలపిస్తుంది. అందంగానే ఉంటుంది, అబద్ధంగానూ ఉంటుంది.

కలపడం మానాల్సిన పనిలేదు. ఊచలకు అవతల ఎంత ఎండ ఉందో తెలియకపోతే లోపలి మసక అర్థం కాదు. ముందు గదిలో కాసేపు ఊరికే నిలబడి, కంటికి ఏ గోడ ఎంతవరకు కనబడిందో గుర్తుపెట్టుకోవాలి. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు నీడలను లేపేటప్పుడు అక్కడే ఆగాలి. మూల నల్లగా మిగిలితే మిగలనివ్వచ్చు.